వెర్నా వెలిగించే లైటు

మా టేబుల్ మీద ప్రతి కుర్చీ ఎదుటా ఒక చిన్న గుండ్రటి గుంట ఉంటుంది. ఆటలో పెట్టే పందెం వేరు, ఆ గుంటలో పెట్టే డాలర్ వేరు. డాలర్ పెట్టగానే కింద ఎర్ర లైటు వెలుగుతుంది. అలా పోసిన డాలర్లతో నా తలపైన బోర్డు మీద అంకె పెరుగుతూ పోతుంది. లైటు వెలిగించినవాళ్లకి రాయల్ ఫ్లష్, అంటే ఒకే రంగులో ఆసు నుంచి పది దాకా ఐదు ముక్కలూ పడితే ఆ అంకె మొత్తం వాళ్లదే. వెలిగించనివాళ్లకి అవే ముక్కలు పడినా మామూలు గెలుపే. రీనో ఊళ్లో కసినోలో ఇన్నేళ్లుగా పేక పంచుతున్నాను కదా, నన్నడిగితే ఆ డాలర్ శుద్ధ దండగ.

ఎమ్మెట్ ముసలాయనదీ అదే మాట. గనుల్లో లారీ నడిపి రిటైరైన మనిషి, దండగ ఖర్చంటే ఒళ్లుమంట. ఆయన భార్య వెర్నా మాత్రం తన గుంటలో ఒక డాలర్ పెట్టుకుని, చెయ్యి చాచి మొగుడి గుంటలోనూ ఒకటి పెట్టేది.

"తగలెయ్యి, తగలెయ్యి!" అనేవాడాయన.

"ఆ డాలర్ మిగుల్చుకుని ఏం మేడలు కడతావులే. నోర్మూసుకుని ఆడు," అనేది వెర్నా. టేబులంతా నవ్వేది.

చలికాలంలో వెర్నా పోయింది. ఖననం జరిగాక వచ్చిన మొదటి శనివారమే ఎమ్మెట్ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీ మీద కోటు వేసి, "వెర్నా వస్తుంది," అన్నాడు. మతి పోయిందా అంటే అదీ లేదు. ఆట ఎప్పటిలాగే శ్రద్ధగా ఆడాడు. వెర్నా పోయిందన్న ఆ ఒక్క మాట మాత్రం ఆయన నోట ఎవరూ వినలేదు.

అటుపక్క కూర్చునే ఒడెస్సా, సెలూన్ నడిపే మనిషి, చప్పుడు చేయకుండా చెయ్యి చాచి ఆయన గుంటలో డాలర్ పెట్టింది.

"లైట్లు పెట్టారా?" అని అడిగాను.

"వెర్నా పెట్టిందిగా," అన్నాడు ఎమ్మెట్.

అప్పటినుంచి ప్రతి శనివారం ఇదే తంతు. ఆ లైటు వెలుగుతున్నంతకాలం ఆయనకి వెర్నా ఉన్నట్టే. అది ఆరిన రోజు ఈయన ఏమైపోతాడోనని నాకు లోపల భయంగా ఉండేది.

మొన్న శనివారం ఒడెస్సా రాలేదు. ఎవరి పెళ్లికో జుట్టు ముస్తాబు చేసే పని పడిందట. మిగతా కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఊరికి కొత్త.

"లైట్లు పెట్టారా?"

"వెర్నా పెట్టిందిగా."

"లేదు ఎమ్మెట్, ఓసారి చూసుకోండి. మీది వెలగలేదు."

"అది చూసుకుంటుందిలే. కబుర్లాపి పంచవే పిల్లా."

ఆటగాడి పందెం డీలర్ పెట్టకూడదు. నేను బటన్ నొక్కితే ఇక ఏ లైటూ మారదు. నొక్కాను. పంచాను.

ఎమ్మెట్ ముక్కలు చూసుకుని పందెం కట్టాడు. నేను తిప్పి చూస్తే ఆఠీను ఆసు, రాజు, రాణి, జాకీ, పది! పక్కవాడు కేక పెట్టాడు. అందరి మెడలూ బోర్డు వైపు లేచాయి. రెండు అరచేతులూ టేబుల్ మీద ఆనించి సూపర్‌వైజర్‌ని పిలిచాను. అతను వచ్చి, కెమెరా గదికి ఫోన్ చేసి, గుంటలోకి చూశాడు.

"లైటు లేదు. మామూలు గెలుపు ఇచ్చెయ్," అన్నాడు మెల్లగా.

"అయ్యో, ఇల్లు కొనుక్కునే డబ్బు కదండీ!" అన్నాడు పక్కవాడు.

ఎమ్మెట్‌కి అది వినబడలేదు. గుంటలో వేలు పెట్టి తడిమాడు.

"పెట్టలేదు," అన్నాడు. "ఇలాంటి ముక్కలొచ్చిన రోజు, వెర్నా ఉంటే పెట్టకుండా ఉంటుందా?"

మా ఉద్యోగంలో కళ్లు తుడుచుకోవాలన్నా ముందు ఖాళీ చేతులు కెమెరాకి చూపాలి. చూపి తుడుచుకున్నాను.

"ఇన్నాళ్లూ ఎవరు పెట్టారే?"

"ఒడెస్సా."

తల ఊపాడు. పక్క కుర్చీ మీది కోటు తీసి తొడుక్కున్నాడు. గెలిచిన బిళ్లలు నా ముందుకే నెట్టాడు.

"ఇవి ఒడెస్సాకి ఇవ్వు. ఇక పెట్టొద్దని చెప్పు."

కాస్త దూరం వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఎందుకని అడిగితే, వెర్నా చచ్చిపోయిందని చెప్పు."