ల్యాంపు నంబరు

కెరోలిన్‌కు తన తెలివి మీద కాస్త గర్వం ఉంది, లేదంటే అబద్ధమే. గోదావరిఖని రిటైర్డ్ కార్మికుల సంఘానికి వెబ్‌సైటు చేసిపెట్టింది మరి! సైటు అడ్రసు చివర ఎవరి నంబరు వాళ్లు కొడితే వాళ్ల పేజీ వస్తుంది. అందులో కంటి ఆపరేషన్‌కు పేరు ఖాయం చేసుకోవాలి. గడువు ఈరోజు ఐదింటితో సరి.

మూడింటికి సంఘం సభ్యుడు సదయ్య ఫోను పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏంది బిడ్డా, ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల దిగిన నన్ను నీ సైటు 'ఇట్లాంటి మనిషి లేడు' అంటది?"

ఆమె చూసింది. 418 అని కొట్టాడు.

"కాకా, ఇది నీ ఉద్యోగి నంబరు కాదు గదా?"

"ల్యాంపు నంబరు! రోజూ గదే చెప్పి, నెత్తికి పెట్టుకునే ల్యాంపు తీసుకొని బాయి దిగిన. ఇంకో నంబరు నాకెర్క లేదు."

కెరోలిన్ తల పట్టుకుంది. తప్పు తను రాసిన షరతులో ఉంది. అడ్రసు చివర సరిగ్గా ఏడు అంకెలుంటేనే మనిషి పేజీ. రెజెక్స్ అనే ఆ అంకెల నమూనాకు సరిపోకపోతే నేరుగా 'లేడు'. మూడంకెలు ఎవరు కొడతారులే అనుకుంది మహాతల్లి!

తండ్రి సామ్యేల్ లోపలినుంచి వచ్చాడు. మొదట బాయి దిగి, తర్వాత ల్యాంపు రూంలో కార్మికులకు ల్యాంపులిచ్చి రిటైరైన మనిషి.

"ల్యాంపు వాపసు రాకుంటే మనిషి లేడనుకుంటమా బిడ్డా? ఏడున్నడో అని దేవులాడుతం."

ఆ మాట చురుక్కుమంది. ఆమె ఇంకో షరతు చేర్చింది: మూడంకెలైతే ల్యాంపు జాబితా చూడు. ఆ జాబితా సామ్యేల్‌కు కంఠతా వచ్చు. ముందు 418ని సదయ్య పేరుకు జతచేసింది. సదయ్య పేజీ వచ్చింది. "సల్లగుండు బిడ్డా" అని వెళ్లిపోయాడు.

ఇంకెంతమంది వెనక్కి పోయారో? సైటులో ఎవరేం కొట్టారో నమోదయ్యే సర్వర్ చిట్టా తెరిస్తే మరో పదకొండు నంబర్లు.

"207."

"పోశం." ఆమె పేరు జతచేయగానే, మళ్లీ కొట్టమని చెప్పడానికి సామ్యేల్ ఫోను కలిపాడు. అలా పదిమంది అయ్యేసరికి నాలుగున్నర దాటింది.

"531. ఐదుసార్లు కొట్టిన్రు డాడీ. ఎవరు?"

సామ్యేల్ కిటికీ వైపు తిరిగాడు. "దాన్ని ఇడిశిపెట్టు."

"ఎవరు డాడీ?"

"నాదే. కుడికన్ను రెండు నెలలసంది మసక. సంఘంల అందరు నిన్ను మెచ్చుకుంటుంటే, నా బిడ్డ సైటుల తప్పున్నదని ఎట్ల చెప్పాలె?"

కెరోలిన్‌కు కోపం, ఏడుపు కలిసే వచ్చాయి. "నీ కన్ను కంటె నా సైటు ఎక్కువనా?" అని కసురుతూనే 531ని ఆయన పేరుకు జతచేసి కొట్టింది. సామ్యేల్ పేరుతో పేజీ తెరుచుకుంది. పేరు ఖాయం చేయడానికి ఇంకా పది నిమిషాలున్నాయి.