పక్కకి తిరిగి పడుకున్న పొలం

పొద్దున్నే కాఫీ తాగి, లవాన్ కుబిచెక్ తన పొలం చుట్టూ ఒకసారి నడిచి వస్తుంది. మా కౌంటీలో సాగు మాని గడ్డికి వదిలేసిన భూమికి ప్రభుత్వం ఏటా డబ్బిస్తుంది. దున్నకూడదు, పశువుల్ని తోలకూడదు, పిట్టలు గుడ్లు పెట్టే కాలంలో గడ్డి కొయ్యకూడదు. అలా వదిలేస్తే ఏ భూమైనా నిద్రపోతుంది కదా, మావీ పోతాయి. కంచె దగ్గర నిలబడితే నేల మెల్లగా లేచి దిగడం కనిపిస్తుంది.

మొగుడు పోయాక సాగు లవాన్ వల్ల కాలేదు. ఆ డబ్బే భూమి పన్నుకి సరిపోతుంది. అది ఆగిందా, పొలం అమ్ముకోవాల్సిందే.

జూన్‌లో ఆమె మోకాలి ఆపరేషన్‌కని పట్నం వెళ్లింది. పక్క పొలం డెల్మర్ స్వోబొడా ఉన్నాడే, మహా మంచివాడు. అక్కడే వచ్చింది చిక్కు. మావైపు రోడ్డు పక్కన పిచ్చిగడ్డి కనబడితే ఇంటిల్లిపాదికీ తలవంపులు. పాపం ఒంటరి మనిషి, నలుగురూ నవ్వుతారని, ట్రాక్టరు తెచ్చి పొలమంతా నున్నగా గొరిగేశాడు. పొలం ఒకటి రెండుసార్లు ఉలిక్కిపడింది గానీ లేవలేదు.

లవాన్ కర్ర పట్టుకుని కారు దిగి చూసేసరికి పొలం బోడిగా ఉంది.

"ఎంత పని చేశావయ్యా డెల్మర్."

"థాంక్స్ అంటావనుకున్నా."

"పిట్టల కాలమయ్యా ఇది. నిద్రపోయేవాళ్లకి గుండు కొడతారా ఎవరైనా?"

డెల్మర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "కౌంటీ ఆఫీసుకెళ్లి తప్పు నాదని చెప్తా."

"ఒప్పందం మీద పేరు నాదేగా," అంటూ లవాన్ అక్కడే నిలబడి ఏడ్చింది.

శుక్రవారం కౌంటీ ఆఫీసు అమ్మాయి జానెల్ తనిఖీకి వచ్చింది. లవాన్ ఏమీ దాచలేదు.

"కోసేశాం తల్లీ. చూసి రాసుకో."

"ఒప్పందం రద్దయిపోతుంది లవాన్ గారూ. నా చేతుల్లో లేదు," అంది జానెల్ బాధగా.

ముగ్గురూ కంచె దగ్గరికి నడిచారు. అప్పుడు పొలం ఊపిరి పీల్చింది. పీలుస్తూనే ఉంది. తూర్పు అంచు దుప్పటి కొసలాగ లేచింది. డెల్మర్ లవాన్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. అంత పొలమూ లేచి, సూర్యుణ్ణి కాసేపు కప్పేసి, పక్కకి తిరిగి పడుకుంది. ఒక్క మట్టిబెడ్డ రాలలేదు.

పైకొచ్చిన వైపు నాగలి ఎరగని గడ్డి, డెల్మర్ టోపీకన్నా ఎత్తు. ఎర్రటి కాడలు, పేరు తెలియని ఊదాపూలు. మా ముత్తాతలు బళ్లు కట్టుకొచ్చినప్పుడు చూసి, చూసిందంతా దున్నేసిన గడ్డి అది. మొదళ్లలో గూళ్లు, గూళ్లలో వెచ్చటి గుడ్లు. పిట్టలు గుంపుగా లేచి మళ్లీ దిగాయి. ముగ్గురికీ ఒళ్లు గగుర్పొడిచింది.

"గడ్డి నిలబడి ఉంది. పిట్టలు పొదుగుతున్నాయి," అని జానెల్ పైకి చదువుతూ రాసుకుంది. "ఇంకో పదేళ్లకి పొడిగిద్దామా?"

లవాన్ సంతకం పెట్టింది.

"మరి నేను కోసిన వైపు?" అన్నాడు డెల్మర్, గుసగుసగా.

"కింద పెరుగుతుందిలే. నువ్వు మాత్రం సాయం చెయ్యకు."

జానెల్ వెళ్లేటప్పుడు కారు స్టార్ట్ చెయ్యలేదు. మోకాలు బాగాలేదని లవాన్‌ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, తనూ డెల్మరూ కారుని మలుపు దాకా చప్పుడు కాకుండా తోసుకెళ్లారు.