జోడీ తువ్వాలు

ఎర్రగుంట్ల పక్కన మా సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగ్ కూలీని పనిలోంచి ఎవరూ తీసెయ్యరు. ఆ పని అతని జోడీయే చేస్తాడు. బస్తాను చెరో కొస పట్టి ఇద్దరూ లారీలో పేర్చాలి. పొద్దున్నే లారీ డాలా మీద, అంటే వెనక తలుపు మీద, ఒకడు తువ్వాలు వేస్తే, జోడీ తన తువ్వాలు దాని పక్కనే వేస్తాడు. ఇంకొకడి పక్కన వేశాడంటే నీ పని అయిపోయినట్టే. జోడీ లేనివాణ్ణి మేస్త్రీ ఉంచుకోడు. ఎందుకని అడిగే ఆనవాయితీ కూడా లేదు.

నా జోడీ ఓబులేష్, నాకంటే బాగా చిన్నవాడు. ఉగాది నుంచి నా ఎడమ భుజం లేవడం లేదు. బరువంతా తన వైపు లాక్కుంటున్నాడు. 

నిన్న ప్యాకింగ్ ఆఫీసర్ జయకుమార్ రిటైరయ్యాడు. అయిదో తరగతి దాకా వాడిదీ నాదీ ఒకే బెంచీ. ఆ తర్వాత వాళ్ల నాయన వాణ్ణి ప్రొద్దుటూరు హాస్టల్లో చేర్చాడు, మా నాయన నన్ను నాపరాళ్ల గనికి పంపాడు. వీడ్కోలు సభకు కుర్చీలు మోసింది మా లోడింగ్ కూలీలమే.

“ఏమప్పా ప్రసాద్, ఇద్దరం ముసిలోళ్లమైతిమి గదా!” అన్నాడు జయకుమార్, కప్పిన శాలువా సర్దుకుంటూ.

“నువ్వైనావు సార్. నాకింకా శానా టైముండాది.”

అందరూ నవ్వారు. అంతలో మేనేజరు మైకు పట్టుకుని, జయకుమార్ గారి అనుభవం కంపెనీకి కావాలనీ, సోమవారం నుంచి సలహాదారుగా వస్తారనీ చెప్పాడు. వీలున్నప్పుడు వస్తే చాలట. ఏసీ గది ఉంటుందట. నేనూ చప్పట్లు కొట్టాను. ఎడమ చెయ్యి పొట్ట దాటి పైకి రాలేదు. ఓబులేష్ చూశాడు.

ఇంటికి పోయేటప్పుడు ఓబులేష్‌తో నేనే ఎగతాళిగా అన్నాను. “నన్ను గూడా సలహాదారుగా పెట్టుకుంటారేమో అడుగుదామా? బస్తా ఎట్ల పట్టుకునేది నేర్పిస్తా.”

“నాకు నేర్పినోడివి నువ్వే గదన్నా” అన్నాడు. నవ్వలేదు.

ఈ పొద్దు అందరికంటే ముందు పోయి నా తువ్వాలు వేశాను. మొన్న కొత్తగా చేరిన చంద్ర తన తువ్వాలు ఆ చివర వేసి నిలబడ్డాడు. ఓబులేష్ వచ్చాడు. తువ్వాలు చేతిలో నలుపుతూ శానాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆ చివరికి నడిచాడు.

“అన్నా, టీ తాగినావా?” అన్నాడు, ఇటు తిరగకుండానే.

“తాగినాలేప్పా.”

తాగలేదు. బస్తాలు తెచ్చే బెల్టు మొదలైంది. తువ్వాలు తీసి కుడి భుజం మీద వేసుకున్నాను.

గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడు. “ఏమప్పా, అప్పుడే పోతాండావు?”

“సోమారం వస్తాలే, సలహా చెప్పేకి.”

నిజమే అనుకున్నాడేమో, లేచి నిలబడి గేటు తీశాడు.