మర్యాదగా పిలిచిన పిలుపు

ఆ కంటి ఆసుపత్రిలో బల్ల దగ్గర నిలబడి రోగుల్ని లోపలికి పిలిచే ఆయా, నెల కిందటి దాకా అక్కడే నేల తుడిచేది. పదకొండేళ్ళు తుడిచాక మోకాళ్ళు మొరాయించాయి. మేనేజరు దయ తలిచి బల్ల దగ్గరికి మార్చాడు గానీ, ఒక షరతు పెట్టాడు. రోగులతో ఇంగ్లీషులోనే, అదీ మర్యాదగా మాట్లాడాలి. నెల తిరిగేలోగా సొంత భాష ఒక్కసారి నోట వచ్చినా మళ్ళీ తుడుపు కర్రే. ఇలాంటి షరతులు మనమూ చూసే ఉంటాం. చూసి, పద్ధతిగల చోటని మెచ్చుకునీ ఉంటాం.

ఆయాకు గురువు పదో తరగతి చదివే కూతురు. తల్లి అంట్లు తోముతూ అప్పజెబుతుంటే ఆ పిల్ల దిద్దేది. "గివ్ మీ" అంటే గదమాయించినట్టుంటుందట, "మే ఐ సీ యువర్ స్లిప్" అనాలట. ఉత్త "కమ్" అని ఊరుకోకూడదట, "ప్లీజ్ కమ్ ఇన్" అనాలట. మీ మేనేజరు నీతో ఇలాగే మాట్లాడతాడా అని ఒకసారి అడిగింది కూడా. తల్లి ఇంకో గిన్నె అందుకుని కడిగింది. ఒళ్ళు హూనమైన మనిషికి అలాంటి ప్రశ్నలెందుకు?

నెలలో ఆఖరి రోజు వచ్చింది. వారానికొక్కసారి వచ్చే పెద్ద డాక్టరు చూసే రోజూ అదే. బట్టల కార్ఖానాలో బొత్తాలు కుట్టే ఒక పెద్దావిడ ఒంటరిగా వచ్చింది. నర్సు చుక్కల మందు వేసి వెళ్ళాక, ఆయా "ప్లీజ్ క్లోజ్ యువర్ ఐస్" అని తన కళ్ళు మూసి చూపించింది. పెద్దావిడ బుద్ధిగా మూసుకుంది.

నెలంతా ఆయా సగం మాటలతో, సగం చేతి సైగలతో నెట్టుకొచ్చింది. కళ్ళు మూసుకున్నవాళ్ళకు సైగ కనబడదని మాత్రం ఆమెకు తట్టలేదు. వంతు రాగానే "ప్లీజ్ కమ్ ఇన్" అని మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ తప్పు లేకుండా పలికింది. పక్కనే ఉన్న మేనేజరు తలాడించాడు. పెద్దావిడ కదల్లేదు. హాలు నిండా జనం, బల్ల వదిలి వెళ్ళడానికి లేదు. కునుకు పట్టిందేమోలే అనుకుని ఆయా తరవాతివాళ్ళను పిలిచింది.

రెండింటికి డాక్టరు వెళ్ళిపోయాడు. హాలు ఖాళీ అయింది. పెద్దావిడ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది, చీటీ గుప్పిట్లో పెట్టుకుని. ఆయా, మేనేజరు అక్కడే ఉన్నాడని తెలిసీ, మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

"అమ్మా, కళ్ళు తెరవండి. డాక్టరుగారు వెళ్ళిపోయారు."

పెద్దావిడ గొంతు వచ్చిన వైపు తిరిగింది. "నువ్వు మన మాటే మాట్లాడతావా తల్లీ? పొద్దుట్నుంచీ ఎవరో దొరసాని ఎవరినో పిలుస్తోందనుకున్నాను. నన్ను కాదులే అని కూర్చున్నాను."

కార్ఖానావాళ్ళు ఈ ఒక్కరోజే సెలవిచ్చారనీ, వచ్చే వారం ఇవ్వరనీ చెప్పింది. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదని ఆయాకు అనిపించింది.

మేనేజరు మూలనున్న తుడుపు కర్ర వైపు చూశాడు, అంతే.

ఇంటికొచ్చిన తల్లి ముఖం చూసి కూతురికి సంగతి అర్థమైంది. ఎక్కడ తప్పు మాట్లాడావమ్మా అని అడిగింది.

"ఒక్క తప్పూ మాట్లాడలేదే," అంది ఆయా, గోడకు చేరగిలబడుతూ. "అన్నీ నువ్వు నేర్పినట్టే అన్నాను. అయినా ఆవిణ్ణి నేను పిలవనే లేదు. ఎదుటి మనిషికి అందని మర్యాద మర్యాద కాదమ్మా."