పది నిమిషాల హాల్టు

ఇంకో రెండు నిమిషాలు. ఆ తర్వాత నా వీపు గొట్టం మీద రెండు దెబ్బలు, టప్, టప్, అంతే, మడిచేస్తాడు. ఈ రెండు నిమిషాల్లో ఏం చూడాలి? అలనా, అల వెనక్కి పోయాక తడి ఇసుకలో అడ్డంగా పరిగెత్తే పీతనా, నా చేతుల్ని పట్టుకుని కూర్చున్న ఈవిడ వేళ్ళనా? ఆ వేళ్ళు ఇవాళ మరీ గట్టిగా పట్టుకున్నాయి. బస్సు మలుపు తిరిగేటప్పుడు కడ్డీని పట్టుకున్నట్టు. ఇక్కడ మలుపేమీ లేదు. ఎదురుగా సముద్రం, పైన ఎండ, అంతే.

నేను ఒక మడత కుర్చీని. గాజువాక దగ్గర ఒక రేకుల షెడ్డులో నన్ను చేశారు. నాలుగు ఇనప గొట్టాలు, ఎనిమిది రివెట్లు, నీలం కాన్వాసు గుడ్డ. చేసినవాడు నన్ను పదిసార్లు విప్పి పదిసార్లు మడిచి, సరే అన్నట్టు తలూపి పక్కన పడేశాడు. కూర్చుని మాత్రం చూడలేదు. అప్పటి నుంచీ నా బుద్ధి రెండు ముక్కలుగానే ఉంది. విప్పితే ఎప్పుడు మడుస్తారా అని, మడిస్తే ఎప్పుడు విప్పుతారా అని.

మొదట నన్ను కొన్నది ఆంటోనీ గారు. ఓడల్లో వంటవాడిగా పనిచేసి దిగిపోయిన మనిషి. తెల్లారగట్ల నన్ను స్కూటరుకు కట్టుకుని భీమిలి పోయేవాడు. అక్కడ గోస్తనీ ఏరు సముద్రంలో కలిసే చోట నన్ను వేసుకుని, గేలం విసిరి కూర్చుంటే ఎండ నెత్తి మీదికొచ్చే దాకా లేచేవాడు కాదు. చేప పడిందా అంటే, నాకు గుర్తున్నంతలో మూడు. ఆ మూడూ ఆయన్ని ఇబ్బంది పెట్టాయి. లేవాల్సి వచ్చింది కదా. ఇంటికొచ్చాక కీళ్ళలో రెండు చుక్కలు కొబ్బరినూనె వేసేవాడు. అప్పుడు నేను సుఖపడ్డానా? లేదు. రుషికొండ ఎలా ఉంటుందో, పార్కుల్లో పచ్చగడ్డి కాళ్ళకి ఎలా తగులుతుందో అని కొట్టుకునేదాన్ని. కదలని మనిషి కింద కదలాలనే కోరిక ఎంత పెరుగుతుందో కుర్చీలకే తెలుసు.

మోకాళ్ళు అరిగిపోయి ఇక ఏటికి పోలేనని తెలిశాక, ఆయన నన్ను ఎదురింటి పోలినాయుడు గారి చేతిలో పెట్టాడు.

"నాయుడు గారూ, ఇది కూర్చోడానికండి. చెప్పేను, మరి మర్చిపోకండి."

ఎందుకలా నవ్వాడో నాకు వారం రోజుల్లోనే అర్థమైంది.

పోలినాయుడు గారు ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండులో కంట్రోలరు. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎన్ని నిమిషాలు ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నదే ఆయన జీవితం. టైమవగానే బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాడట. అది కదలకపోతే వెనకది ఎక్కడ నిలుస్తుంది? ఆ ప్రశ్న ఆయన ఒంట్లోకి దిగిపోయింది. బస్టాండు వదిలాక కూడా ఆయన వెనక ఎప్పుడూ ఏదో బస్సు హారన్ కొడుతూనే ఉంటుంది. అది నాకు వినపడదు కానీ, ఆయన మెడ అటు తిరగడం కనపడుతుంది.

పండగలంటే స్పెషల్ బస్సులు, ఆదివారాలంటే పెళ్ళి బస్సులు. సముద్రానికి నాలుగు వీధుల అవతల కాపరముండి కూడా భార్యతో ఇసుకలో నడిచింది లేదు. ఆవిడ పేరు వరహాలమ్మ. ఆవిడకి నీటికాసులు అని తేలింది ఆయన రిటైరైన నెలలోనే. "చూపు పక్కల నుంచి మూసుకుపోతోందమ్మా. పోయింది తిరిగి రాదు, ఉన్నది చుక్కల మందుతో కాపాడుకుందాం," అన్నాడట డాక్టరు. ఆవిడ ఆ మాట విని ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టింది. ఆయన తెల్లకాగితం తీసి రూటు రాశాడు.

రామకృష్ణా బీచి, పది నిమిషాలు. పక్కనే పార్కు, పది నిమిషాలు. తెన్నేటి పార్కు, రుషికొండ, కైలాసగిరి. భీమిలిలో ఏరు సముద్రంలో కలిసే చోటు, పది నిమిషాలు, తిరుగు బస్సు పదీ ఇరవైకి. చూపు పూర్తిగా మూసుకునేలోగా ఊరంతా చూపించెయ్యాలి. ప్రేమను ఇలా టైంటేబులుగా రాసుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నవ్వొచ్చేది. నవ్వు మధ్యలోనే మడిచేసేవాడు.

రెండు నెలలు తిరిగాం. నేను కోరుకున్న గడ్డి కాళ్ళకి తగిలింది; దాని మెత్తదనం తెలిసేలోగా పైకి లేచిపోయాను. వేపచెట్టు నీడ, పిల్లల ఉయ్యాల కిర్రుమనడం, మొక్కజొన్న కాల్చే బొగ్గుల వాసన, అన్నీ సగం సగం. ఆయన మాత్రం ఎక్కడా కూర్చోడు, ముప్పై ఒక్క ఏళ్ళూ నిలబడినట్టే నా వెనక నిలబడతాడు.

"అదిగో, ఓడలు! ఏడున్నాయి, లెక్కెట్టు. కనపడ్డాయా?"

"ఆ, బాగున్నాయండి."

"అదిగో, ఆ కొండ మీద తెల్లగా మేడ! చూసేవా?"

"బాగుందండి."

టప్, టప్.

"బాగుంది" అన్నప్పుడల్లా ఆవిడ వేళ్ళు నా గొట్టం మీద ఇంకాస్త బిగుసుకునేవి. ఆ రెంటికీ పొంతన లేదని నాకు తెలుసు. మాటని మనిషి సర్దగలడు, వేళ్ళని సర్దలేడు. కానీ ఎందుకు లేదో నాకు తెలియలేదు. ఇసుకలో నా వెనక కాలు ఒకటి దిగబడి ఆవిడ పక్కకి ఒరిగిపోయేది. ఒరిగే కూర్చునేది. పది నిమిషాలకి సర్దడమెందుకని ఆయనా పట్టించుకోలేదు. నా కీళ్ళకి నూనె కావాలని కూడా ఆయనకి తోచలేదు. ఉప్పుగాలి మాత్రం రోజూ గుర్తుపెట్టుకుని వచ్చేది.

ఇవాళ భీమిలి. నాకు తెలిసిన చోటే. ఏటి నీళ్ళు బూడిదరంగులో మెల్లగా వచ్చి, సముద్రం అంచున ఒక్క క్షణం ఆగి, కలవాలా వద్దా అన్నట్టు తిరుగుతాయి. ఆంటోనీ గారితో నాలుగేళ్ళు చూసి విసిగిపోయిన నీళ్ళు. ఇవాళ వాటిని చూడగానే, ఇక్కణ్ణించి కదలకూడదు అనిపించింది. ఎందుకో నన్నడగకండి. విసుగు కూడా ఒక రకం ఇల్లేనేమో.

రెండు నిమిషాలూ అయిపోయాయి. టప్, టప్.

"లే మరి. పదీ ఇరవై బస్సుంది."

వరహాలమ్మ లేచింది. ఆయన నా వీపు పట్టి నొక్కాడు. నేను మడత పడలేదు. మళ్ళీ నొక్కాడు. మోకాలు అడ్డుపెట్టి లాగాడు. కిర్రుమన్నాను, అంతే. అది తుప్పా, నా పంతమా? ఆ మాటే అప్పటి నుంచీ తవ్వుకుంటున్నాను. తుప్పే అయ్యుంటుంది. తుప్పే అయితే ఆ క్షణంలో నాకంత సంతోషమెందుకు?

"ఏటిది, ఆంటోనీ గారు పాడు కుర్చీ అంటగట్టేడేటి!" అంటూ ఆయన చుట్టూ చూసి, ఏటి ఒడ్డున గుండ్రాయి ఒకటి ఏరుకొచ్చాడు. కీలు మీద కొట్టడానికి పైకెత్తాడు.

"ఒక్క నిమిషమాగండి. పడవ దొరికింది," అంది వరహాలమ్మ.

"పడవేటి?"

"ఇప్పుడే దొరికింది. దాని పక్కనోడు కూడా దొరికేడు, వల దులుపుతున్నాడు. నీళ్ళింకా దొరకలేదు."

ఆయన రాయి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "ఎదురుగానే ఉన్నాయి కదే నీళ్ళు!"

"మీకెదురుగా ఉన్నాయి. నాకు గాజంత గుండ్రమే కనపడుతుందండి. ఆ గుండ్రాన్ని అటోసారి ఇటోసారి తిప్పుకుని, ముక్క ముక్క కలుపుకోవాలి. మీరు అదిగో అనేసరికి ఆ అది ఎక్కడుందో ఎతుక్కోవద్దేటి? ఆరోజు ఏడు ఓడలన్నారు. ఒక్కటే దొరికింది. రెండోది దొరికేసరికి మనం బస్సులో ఉన్నాం."

ఆయన చెయ్యి రాయితోనే కిందికి దిగింది. "మరి అన్ని చోట్లా బాగుంది బాగుంది అన్నావు?"

"మీరంత ఆత్రంగా చూపిస్తుంటే బాగోలేదంటానేటి?" నవ్వింది. ఆ నవ్వు చివర ఎక్కడో తెగింది. "నాకు ఊరంతా వద్దండి. ఒక్క చోటు పూర్తిగా చూస్తే చాలు. తరవాత కళ్ళు మూసుకున్నా, అది నాదగ్గరుంటాది."

నేను ఎంత తెలివైన కుర్చీనని అనుకున్నానో! రెండు నెలలు ఆ వేళ్ళ కింద ఉండి, ఈ ఒక్క మాట తెలుసుకోలేకపోయాను. అందం అంతా ఆయన నాకు సగం సగం ఇస్తున్నాడని ఏడ్చాను. ఆవిడకి సగం కూడా అందలేదు.

దూరంగా రోడ్డు మీద పదీ ఇరవై బస్సు హారన్ వేసింది. ఈసారి నిజంగానే వేసింది. ఆయన మెడ అటు తిరిగింది. చెయ్యి రాయితో సహా సగం లేచింది. ఆ చేతిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఉన్నాయి. దాన్ని ఎవరు ఆపుతారు? నా కీలు దెబ్బ కోసం బిగుసుకుని ఎదురుచూసింది. బస్సు ఆగింది, ఎవరో ఎక్కారు, కదిలింది. దాని మోత కొండ మలుపు దాటి వినపడనంత దూరం పోయే దాకా ఆయన అటే చూస్తూ ఉన్నాడు.

తర్వాత కిందికి చూశాడు. నా వెనక కాలు దిగబడి ఉంది. ఇన్నాళ్ళకి ఆయన కంట పడింది. గొంతుక్కూర్చున్నాడు. ఒక చేత్తో నా కాలు పైకెత్తి, రెండో చేతిలోని రాయిని దాని కింద పెట్టాడు. అటూ ఇటూ కదిపి చూశాడు. కదల్లేదు.

"కూర్చో," అన్నాడు.