నొప్పి పోయాక మిగిలిన మాట

నేను ఒక మాటను. పేరు సారీ. తూకానికి రాను గానీ, చేతులు మారే సరుకునే.

పుట్టింది ఇంగ్లండులో, వెయ్యేళ్లకు పైమాటే. పుండుకూ నొప్పికీ వాడే పాత మాట నుంచి వచ్చాను. నొప్పితో నిండినవాడు అని నా మొదటి అర్థం. దుఃఖాన్ని చెప్పే ‘సారో’ నాకు తోబుట్టువని చాలామంది అనుకుంటారు. పోలికే తప్ప మాకు చుట్టరికం లేదు. మొదట్లో నన్ను పలికినవాడికి లోపల ఎక్కడో సలిపేది. రానురాను నొప్పి పోయి విచారం మిగిలింది. అదీ అరిగి మర్యాద మిగిలింది. సరుకు తరిగినా గిరాకీ మాత్రం పెరిగింది.

తెలుగునాట దిగేసరికి ఇక్కడి పద్ధతి వేరు. కాలు తగిలితే వంగి, ఎదుటివాళ్లను ముట్టి, ఆ చేతిని కళ్లకద్దుకునేవారు. తప్పైపోయిందని చేతులు పట్టుకునేవారు. నేను వచ్చి వాళ్లకు ఆ వంగే శ్రమ తప్పించాను. అది లాభమనే అనుకున్నాను, ప్రొద్దుటూరులో నాగభూషణం శెట్టి వెండి కొట్టుకు వెళ్లేదాకా.

ఆ రోజు పట్టీల జత ఒకటి కనబడలేదు. కొట్టు నిండా జనం. చాలా ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న ఓబుళమ్మను శెట్టి అందరి ముందూ దొంగ అన్నాడు. ఆమె సంచి బల్లమీద గుమ్మరించాడు. సద్దిగిన్నె దొర్లి కిందపడింది. కాసేపటికి పట్టీలు వేరే పెట్టెలో, మఖమలు గుడ్డ కింద దొరికాయి. అప్పుడాయన ఆమెను లోపలి గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నన్ను బయటికి తీశాడు.

“సారీమ్మా, తొందరపడితి.”

ఓబుళమ్మ నన్ను పుచ్చుకోలేదు. “నలుగుర్లో దొంగంటిరి సామీ. ఈడ చెవిలో చెప్తే ఎట్ల? బయటికొచ్చి ఆ నలుగురికీ చెప్పండి. లేకుంటే ఏ మొగం పెట్టుకోని ఈ వీధిలో నడిచేది?”

శెట్టి తలుపు సందులోంచి చూశాడు. బయట పెళ్లికి వెండి కొనే బేరం కూర్చుని ఉంది. వాళ్ల ముందు తప్పు ఒప్పుకుంటే కొట్టు పరువేమవుతుందో లెక్క వేసుకున్నాడు.

“సారీ చెప్తి కదమ్మా, ఇంకేం గావాల?” అన్నాడు.

నేనే లేకపోతే ఆయనకు ఆ తలుపు తీయక తప్పేది కాదు.

ఓబుళమ్మ గిన్నె తీసుకుని మెట్లు దిగింది. దొంగ అన్న మాట ఆమెకంటే ముందే వీధి చివరిదాకా వెళ్లిపోయింది. పక్క కొట్లవాళ్లు ఆమెను చూసి బల్లమీది నగలు దగ్గరికి లాక్కున్నారు. నేను మాత్రం ఆ గది గుమ్మమే దాటలేదు.

కాసేపటికి పెళ్లివాళ్లకు కాఫీ చల్లారిపోయి వచ్చింది. శెట్టి నవ్వుతూ నన్నే మళ్లీ తీసి వాళ్లకు ఇచ్చాడు. వాళ్లు సంతోషంగా పుచ్చుకున్నారు.