ఒక్‌బున్ గుండెల్లో మంట

కొరియా దక్షిణ తీరాన, తొంగ్‌యోంగ్ రేవులో ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పని పొద్దున్నే మొదలవుతుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతే అక్కడి ఆడవాళ్ళు తమతో పనిచేసే ఒక్‌బున్ దగ్గరికొచ్చి ఆమె గుండెల మీద చేతులు కాచుకునేవారు. తడిసిన చేతితొడుగులు ఆమె మెడలో వేసి, ఆరాక తీసుకెళ్ళేవారు. ముప్పై ఏళ్ళుగా ఆమె గుండెలు పొయ్యిలా కాలుతూనే ఉన్నాయి.

సియోల్ దాకా వెళ్ళి పరీక్షలు చేయించుకుంటే ఏమీ లేదన్నారు. ఊళ్ళో మూలికల వైద్యుడు మాత్రం నాడి పట్టుకుని, "కోపమొస్తే ఏం చేస్తావమ్మా?" అని అడిగాడు.

"గిన్నెలు తోముతాను."

"ఏడుపొస్తే?"

"అప్పుడూ గిన్నెలే."

ఆయన చీటీ మీద 'మంటజబ్బు' అని రాసిచ్చాడు.

ఆ ఆదివారం కూతురు హేరిమ్ వచ్చింది. అన్నం ముట్టలేదు.

"మళ్ళీ కడుపునొప్పా?"

"స్కాన్‌లో ఏమీ లేదంటున్నారు. నన్ను చేసుకోబోయే అతను ప్రేమగా మాట్లాడినప్పుడల్లా మెలిపెడుతోంది. ఐదింటి బస్సుకి వెళ్ళి పెళ్ళి వద్దని చెప్పేస్తానమ్మా."

ఒక్‌బున్ లేచి తోమడానికి గిన్నెలు తీసింది.

"అవి అక్కడ పెట్టు. నన్నెప్పుడూ గుండెలకి హత్తుకోలేదేం? షెడ్డులో వాళ్ళందరికీ పనికొస్తావుగా."

"వాళ్ళు పెద్దవాళ్ళు. నువ్వప్పుడు మూడు నెలల పిల్లవి. ఒకసారి ఎత్తుకుంటే నీ బుగ్గ కందిపోయింది. అప్పట్నుంచీ వీపు మీదే మోశాను."

హేరిమ్ తన బుగ్గ తడుముకుంది.

ఒక్‌బున్ గిన్నెలు కింద పెట్టింది. "ఆరేళ్ళప్పుడు మా అమ్మ నన్ను పిన్ని ఇంట్లో దింపింది. ఏడవకుండా ఉంటే వస్తానంది. నేను ఏడవలేదు హేరిమ్. ఒక్కసారి కూడా ఏడవలేదు."

"ఇంకా ఎదురుచూస్తున్నావా?"

ఒక్‌బున్ కంట్లోంచి మొదటి చుక్క జారి గుండెల మీద పడి చుయ్యిమంది. తర్వాతవి ధారగా కారాయి. వంటగది అంతా ఆవిరి కమ్మింది, అద్దాలు మసకబారాయి. హేరిమ్ కిటికీ తెరిచి వచ్చి తల్లి గుండెల మీద చెంప ఆనించింది.

"కాలుతోందా?" ఒక్‌బున్ బెదురుగా అడిగింది.

"లేదు. వెచ్చగా ఉంది."

హేరిమ్ అలాగే నిద్రపోయింది. లేచేసరికి ఐదింటి బస్సు వెళ్ళిపోయింది. కాసేపు తల్లిని ఆనుకునే కూర్చుని, ఫోను తీసి అతనికి చేసింది.

"ఇవాళ రాలేను," అంది. "నాకు భయంగా ఉంది. నువ్వు రాగలవా?"